పొగాకు సొమ్ము, సంఘపు కానుక: పశ్చిమ ప్రకాశం సంఘచరిత్ర వెలుగులో ఒక పరిశీలన

పామూరు, కనిగిరి, పొదిలి ప్రాంతాలలో పరిచర్య చేయు కాపరులకు సంవత్సరము రెండు విధాలుగా లెక్కకు వస్తుంది. ఒకటి క్రిస్మస్, మంచి శుక్రవారము, పునరుత్థాన పండుగ, కోతపండుగ అను సంఘపు లెక్క. రెండవది పొగాకు లెక్క. అక్టోబరు, నవంబరు మాసాలలో నాట్లు. సంక్రాంతి నాటికి ఆకు రెలుపులు. ఆ తరువాత బ్యారన్ల చుట్టూ రాత్రింబవళ్లు కాపలా. వేసవిలో మండెల దగ్గర గ్రేడింగు, వేలం కేంద్రాల దగ్గర బేళ్లు. ఆదివారపు ఆరాధనకు ఎవరు వస్తారు, ఎవరు రారు, కానుక పెట్టెలో ఎంత పడుతుంది అనునవి ఈ రెండవ లెక్కను బట్టియే ఉంటాయి. ఈ సంగతి మనకందరికీ తెలుసు. దానిని వేదాంతపరంగా మనము మాట్లాడుకొన్నది మాత్రము చాలా తక్కువ.

కొన్ని సంవత్సరాల క్రితం మేము సేవ చేయుచున్న ఒక పల్లె సంఘంలో మందిరపు పైకప్పు విషయమై చర్చ వచ్చింది. రేకులు తుప్పుపట్టి వాన కురుస్తున్నది. పొగాకు కొని అమ్మే ఒక వర్తకుడు స్లాబు ఖర్చు తానే పెట్టుకుంటానని ముందుకు వచ్చాడు. కమిటీ సభ్యులు సంతోషించారు. ఆ రాత్రి గ్రేడింగు పనికి పోయే ఒక వృద్ధ సహోదరి మా ఇంటికి వచ్చి, "అయ్యగారూ, ఆయన మాకు రెండు వారాల కూలి బాకీ. ఆ డబ్బులు మందిరం మీద పోస్తే మేము దాని కింద కూర్చుని ఏమని పాడాల?" అని అడిగింది. ఆమె అడిగినది కూలి గురించి. అయితే ఆమె దగ్గుతూ అడిగింది. అందువలన మాకు రెండు ప్రశ్నలు వినిపించాయి. పనిచేసినవారికి న్యాయము జరిగినదా అన్నది మొదటిది. ఆ పని వలన తయారయ్యే సరుకే మనుష్యులకు హాని అయినప్పుడు ఆ వ్యాపారపు సొమ్మును సంఘము ఏమి చేయాలి అన్నది రెండవది. ఈ వ్యాసములో ఆ రెండు ప్రశ్నలను మన ప్రాంతపు చరిత్ర వెలుగులో పరిశీలింప ప్రయత్నిస్తాము.

పొగాకు మన నేలకు వచ్చిన విధము

పొగాకు మన దేశపు మొక్క కాదు. అమెరికా ఖండము నుండి పోర్చుగీసువారి ద్వారా దక్కనుకు చేరింది. బిజాపూరు నుండి అక్బరు ఆస్థానానికి 17వ శతాబ్ది ఆరంభంలో దానిని తీసుకుపోయిన వృత్తాంతము ప్రసిద్ధమే. 1617లో జహంగీరు దానిని నిషేధించినా అది ఆగలేదు. తెలుగు పల్లెలలో చుట్ట, నశ్యము నిత్యజీవితంలో భాగమయ్యాయి. అయితే మనము నేడు చూస్తున్న వర్జీనియా పొగాకు ఆ పాత నాటుపొగాకు కాదు. దానిని తెచ్చినది కంపెనీ.

1910లో కలకత్తాలో ఇంపీరియల్ టొబాకో కంపెనీ ఆఫ్ ఇండియా ఏర్పడింది. సిగరెట్టుకు కావలసిన ఆకు కొరకు 1912లో గుంటూరు కేంద్రంగా ఇండియన్ లీఫ్ టొబాకో డెవలప్‌మెంట్ కంపెనీ, అనగా మన పెద్దలు ఐ.ఎల్.టి.డి. అని పిలిచినది, ప్రారంభమైంది. 1919లో బ్రిటను తన సామ్రాజ్యములోని దేశాల పొగాకుకు సుంకములో రాయితీ ఇచ్చినందున ఇక్కడి ఆకుకు విదేశపు గిరాకీ పెరిగింది. 1920లలో గుంటూరు ప్రాంతంలో వర్జీనియా సాగు, దాని వెంట బ్యారన్లు వచ్చాయి. తరువాతి దశాబ్దాలలో ఒంగోలు, కందుకూరు, పొదిలి, కనిగిరి వైపు తేలిక నేలలకు ఈ పంట వ్యాపించింది. స్వాతంత్ర్యము వచ్చిన 1947లోనే రాజమండ్రిలో కేంద్ర పొగాకు పరిశోధన సంస్థ నెలకొన్నది. 1975 నాటి చట్టము ప్రకారము 1976 జనవరి 1న గుంటూరు ప్రధాన కార్యాలయముగా పొగాకు బోర్డు ఏర్పడింది. 1984లో వేలం పద్ధతి ఆరంభమైంది. అంతకు ముందు కొనుగోలుదారుడు చెప్పినదే ధర. వాడు ఇచ్చినప్పుడే డబ్బు. వేలం కేంద్రము రైతుకు కొంత రక్షణ ఇచ్చినదనుట సత్యము.

ఈ పంట ఇక్కడ ఎందుకు నిలిచినదో న్యాయముగా గ్రహించాలి. పామూరు చుట్టూ ఉన్నది మెట్ట నేల. కాలువ నీరు లేదు. వాన నమ్మదగినది కాదు. కనిగిరి ప్రాంతములో త్రాగునీటిలోనే ఫ్లోరైడు బాధ. అటువంటి చోట తక్కువ నీటితో పండి, బ్యాంకు అప్పు పుట్టించి, వేలంలో అమ్ముడుపోయే పంట ఇది. కందికి, సజ్జకు అంతటి ఏర్పాటు ఎవరూ చేయలేదు. కనుక "ఎందుకు వేశావు?" అని రైతును అడిగే ముందు, "వేరొకటి వేయుటకు నీకు ఎవరైనా దారి చూపారా?" అని అడుగుట కాపరికి తగినది.

తొలి విశ్వాసులు విడిచిన సొమ్ము

మన సంఘాలకు జీవనోపాధి, మనస్సాక్షి అను ప్రశ్న కొత్తది కాదు. నిజానికి మన సంఘచరిత్ర దానితోనే మొదలైంది. 1866లో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ ఇ. క్లౌ ఒంగోలుకు వచ్చి స్థిరపడ్డాడు. అదే సంవత్సరము ఒంగోలుకు సుమారు 40 మైళ్ల దూరంలోని తాళ్లకొండపాడులో తోళ్ల పనివాడైన యెర్రగుంట్ల పేరయ్య ద్వారా మాదిగ కుటుంబాలలో సువార్త వేరూనింది. ఆ విశ్వాసులకు విధించిన నియమాలు మూడు: ఆదివారము పని మానుట, చచ్చిన పశువు మాంసము తినకుండుట, విగ్రహారాధన విడుచుట.

వినుటకు ఇవి మతసంబంధమైన నియమాలు. వాటిని పాటించినవారికి అవి జీతపు సంగతులు. మాదిగవారు ఊరి పండుగలో డప్పు కొట్టాలి. చచ్చిన గొడ్డును తీయాలి. తోలు, చెప్పులు, మోట బొక్కెనలు ఊరికి ఇవ్వాలి. అందుకు బదులుగా పంట కళ్లంలో వారికి గింజలు కొలిచేవారు. డప్పు కొట్టమన్నవారిపై, ఆదివారము పనికి రామన్నవారిపై ఊరు కోపగించింది. బావులు మూశారు, అంగడిలో సరుకు ఇవ్వలేదు, పని మాన్పించారు. అయినను వారు నిలిచారు. అనగా ఈ ప్రాంతములో బహు బీదలైనవారే మనస్సాక్షి కొరకు తమ ఆదాయమును వదులుకొని సంఘమునకు పునాది వేశారు. నేడు అదే సంఘము ధనవంతుడైన వర్తకుని యెదుట "వ్యాపారము వేరు, విశ్వాసము వేరు" అని చెప్పినయెడల, మన తాతలకు ఒక నియమము, మన దాతలకు మరొక నియమము అయినట్టే కదా.

ఆ చరిత్రలో రెండవ పాఠము కూడా ఉన్నది. 1876-78 కరువులో జనులు చనిపోవుచుండగా క్లౌ బకింగ్‌హాం కాలువలో సుమారు మూడున్నర మైళ్ల త్రవ్వకపు కాంట్రాక్టు తీసుకొన్నాడు. ఊళ్లు తిరిగే ప్రసంగీకులు మేస్త్రీలయ్యారు. ఆకలిగొన్నవారికి కూలి దొరికింది. అయితే ఆ సహాయ కాలమంతట బాప్తిస్మము ఇచ్చుట ఆయన నిలిపివేశాడు. అన్నము కొరకు వచ్చినవాడెవడో, ప్రభువు కొరకు వచ్చినవాడెవడో కలిసిపోరాదని ఆయన ఉద్దేశము. సహాయము ముగిసిన తరువాతనే, 1878 జూలై 3న, వెల్లంపల్లి వద్ద గుండ్లకమ్మ నదిలో ఒకే దినమున 2222 మంది బాప్తిస్మము పొందారు. సొమ్మును, ఆత్మసంబంధమైన సంగతిని కలుపునప్పుడు ఎంత జాగ్రత్త అవసరమో చెప్పుటకు మన ప్రాంతములో దీనికంటే మంచి ఉదాహరణము లేదు. విడువమని చెప్పినవారు బ్రతుకుటకు పని కూడా చూపించారన్న సంగతి గమనించాలి.

స్టూవర్టుపురము: మిషను, కంపెనీ కలిసిన చోటు

అయితే మిషను చరిత్ర అంతా ఇటువంటి జాగ్రత్తతో నడవలేదు. బాపట్ల దగ్గర 1913లో ఏర్పడిన స్టూవర్టుపురము సెటిల్‌మెంటును చూడండి. నేరస్థ తెగల చట్టము క్రింద ఎరుకల కుటుంబాలను అక్కడ ఉంచి, నిర్వహణను సాల్వేషన్ ఆర్మీకి ప్రభుత్వము అప్పగించింది. అనుమతి లేక వారు బయటికి పోరాదు, హాజరు ఇయ్యాలి. వారికి పని చూపవలసిన బాధ్యత నిర్వాహకులది. సమీపముననే చీరాలలో ఐ.ఎల్.టి.డి. వారి పొగాకు కర్మాగారము ఉన్నది. సెటిల్‌మెంటు వారు అందులో పనివారయ్యారు. చరిత్రకారిణి మీనా రాధాకృష్ణ 2001లో వెలువడిన తన గ్రంథములో ఈ సంబంధమును వివరముగా చర్చించారు.

నడిపినవారి ఉద్దేశము మంచిదే కావచ్చును. దొంగలన్న ముద్ర పడినవారికి పని దొరికితే మారుదురని వారు నమ్మారు. అయితే విడిచి వెళ్లే స్వేచ్ఛ లేనివాడు చేసే పనిని ఉద్యోగము అనవచ్చునా? కంపెనీకి కదలని కూలీలు కావాలి. సర్కారుకు కాపలా కావాలి. మిషనుకు దిద్దుబాటు కావాలి. మూడు అవసరాలు ఒకచోట కలిసినప్పుడు, పనిచేసేవాని అవసరమును అడిగినవారు తక్కువ. "మేము పని కల్పిస్తున్నాము" అను మాట అభివృద్ధి చెందుచున్న దేశాలలో ప్రతి పొగాకు వ్యాపారి చెప్పే మొదటి సమాధానము. స్టూవర్టుపురము మనకు నేర్పునది ఏమనగా, పని కల్పించుట దానంతట అదే నీతి కాదు. ఎటువంటి పని, ఎంత కూలి, కాదనుటకు వీలు ఉన్నదా అని అడగాలి.

డ్యూక్ ఇచ్చిన ధనము

ఈ ప్రశ్న మన దేశానికే పరిమితము కాదు. అమెరికాలోని ఉత్తర కరోలినాలో మెథడిస్టు కుటుంబానికి చెందిన జేమ్స్ బి. డ్యూక్ 1890లో అమెరికన్ టొబాకో కంపెనీని స్థాపించాడు. 1902లో బ్రిటిష్ అమెరికన్ టొబాకో ఏర్పడినప్పుడు దానికి మొదటి అధ్యక్షుడు ఆయనే. మన గుంటూరు ఆకును కొన్న ఇంపీరియల్ టొబాకో కంపెనీ ఆఫ్ ఇండియా ఆ సంస్థకు పుట్టిన బిడ్డయే. 1924లో ఆయన నాలుగు కోట్ల డాలర్లతో ధర్మనిధి ఏర్పాటు చేశాడు. దాని వలన ఒక విశ్వవిద్యాలయము, ఆసుపత్రులు, అనాథ బాలల గృహాలు, ఉత్తర కరోలినా పల్లెలలోని మెథడిస్టు మందిరాలు, విశ్రాంత కాపరులు సహాయము పొందుచున్నారు.

ఆ పల్లె కాపరులను నిందించుటకు మేము ఇది వ్రాయుట లేదు. వారి స్థానములో ఉంటే మనమూ తీసుకొని యుండేవారము. అయితే ఒక సంగతి ఆలోచించాలి. పొగాకు సొమ్ముతో పైకప్పు వేసికొన్న మందిరములో పొగాకును గురించి ప్రసంగము చేయుట సులభమా? కానుక నోరు కట్టకపోవచ్చును గాని గొంతు తగ్గిస్తుంది. 1924లో డ్యూక్‌కు గాని, ఆయన కాపరులకు గాని సిగరెట్టు చేయు హాని పూర్తిగా తెలియదు. మనకు ఆ సాకు లేదు.

పొడుచు అలవాటుగల ఎద్దు

ఇక్కడ లేఖనములోని ఒక న్యాయవిధి మనకు దారి చూపుతుంది. నిర్గమకాండము 21:28-29లో మనిషిని పొడిచి చంపిన ఎద్దు సంగతి ఉన్నది. ఆ ఎద్దుకు పొడుచు అలవాటు ఉన్నట్లు ముందు తెలియనప్పుడు యజమాని నిర్దోషి. ముందే హెచ్చరిక పొంది, దానిని కట్టివేయక వదిలినప్పుడు యజమానికి మరణశిక్ష. ఎద్దు అదే, చావు అదే. మారినది యజమానికి ఉన్న తెలివిడి. ద్వితీయోపదేశకాండము 22:8లో మేడకు పిట్టగోడ కట్టవలెనను ఆజ్ఞ కూడ ఈ వరుసలోనిదే: తెలిసిన ప్రమాదమును నివారింపనివాడు రక్తాపరాధము మోస్తాడు.

పొగాకు విషయములో ఆ హెచ్చరిక ఎప్పుడు వచ్చింది? 1950లో బ్రిటనులో డాల్, హిల్ అను శాస్త్రజ్ఞులు పొగ త్రాగుటకును ఊపిరితిత్తుల క్యాన్సరుకును గల సంబంధమును ప్రచురించారు. 1964లో అమెరికా సర్జన్ జనరల్ నివేదిక దానిని రూఢి చేసింది. మన దేశములో 2003లో పొగాకు నియంత్రణ చట్టము వచ్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ వారి పొగాకు నియంత్రణ ఒడంబడికను మన ప్రభుత్వము 2004లో ఆమోదించింది. అది 2005లో అమలులోనికి వచ్చింది. 2009 నుండి పెట్టెల మీద బొమ్మల హెచ్చరిక. 2016 నుండి అది పెట్టెలో 85 శాతము. ఇండియాలో పొగాకు వలన ఏటా సుమారు 13 లక్షలకు పైగా మరణాలు సంభవిస్తున్నాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. 2016-17 సర్వే ప్రకారము పెద్దవారిలో 28.6 శాతము ఏదో ఒక రూపములో పొగాకు వాడుచున్నారు. వారిలో బీదలు, చదువు తక్కువైనవారు ఎక్కువ. కనుక నేడు ఈ వ్యాపారములో ఎవరును హెచ్చరిక పొందని యజమాని కారు.

ఎవరి భారము ఎంత?

అయితే అందరి అపరాధము సమానమని చెప్పుట న్యాయము కాదు. అపొస్తలుల కార్యములు 19లో ఎఫెసు కంసాలులను పోగుచేసిన దేమేత్రి, తమ పని పోవునని చెప్పి జనులను రేపాడు. పనివారి భయము నిజమైనది. ఆ భయమును వాడుకొన్నవాడు ఎక్కువ లాభము పొందినవాడు. మన ప్రాంతములోనూ భారమును మెట్లుగా చూడాలి.

అన్నిటికంటె క్రింద కూలి స్త్రీ ఉన్నది. మంచుకు తడిసిన పచ్చి ఆకు రెలిచేటప్పుడు నికొటిను చర్మము ద్వారా ఎక్కి తల తిరుగుట, వాంతులు కలుగుతాయి. మండెల దగ్గర దుమ్ము పీలుస్తుంది. ఈమె హాని చేయునది కాదు, హాని పొందునది.

ఆ పైన కౌలురైతు, చిన్నరైతు. బ్యారనులో ఐదారు దినాలు ఆకు పసుపు రంగుకు తిరిగి, ఈనె ఎండేవరకు వేడి పెంచుతూ నిద్ర మానుకొంటాడు. కట్టెల ఖర్చు అతనిది. కిలో ఆకు కాల్చుటకు నాలుగైదు కిలోల కట్టె పోతుంది. దాని వలన మన గుట్టల మీద చెట్టు తగ్గింది. వేలములో ధర పడిపోతే, బేలు అమ్ముడుపోక తిరిగి వస్తే నష్టము అతనిదే. నిల్వలు పెరిగి 2000-01లో రాష్ట్రములో పంట విరామము ప్రకటించారు. 2015లో ధరలు పడిపోయి ప్రకాశం, పశ్చిమ గోదావరి జిల్లాలలో పొగాకు రైతులు ఆత్మహత్య చేసికొన్నారు. 2025లో కంపెనీలు నల్లబర్లీ కొనకపోగా ప్రభుత్వము మార్క్‌ఫెడ్ ద్వారా కొనవలసి వచ్చింది. లాభమున్నప్పుడు కంపెనీది, నష్టము వచ్చినప్పుడు రైతుది అన్నది ఈ వ్యాపారపు వాడుక.

ఇక పైమెట్లలో వర్తకుడు, కంపెనీ, ప్రభుత్వము ఉన్నారు. వాణిజ్య శాఖ క్రింది బోర్డు ఎగుమతి పెంచుతుంది; ఆరోగ్య శాఖ హెచ్చరిక బొమ్మ వేయిస్తుంది. ప్రభుత్వ రంగములోని జీవిత బీమా సంస్థకు ఐ.టి.సి.లో సుమారు 15 శాతము వాటా ఉన్నది. మనలో బీమా పాలసీ లేని కాపరి ఎంతమంది? కనుక వర్తకుని వైపు వేలు చూపేటప్పుడు మన చేతులనూ చూచుకోవాలి. పూర్తిగా శుభ్రమైన సొమ్ము దొరుకునని చెప్పలేము. అయితే ఎవనికి మానుకొనుటకు ఎక్కువ స్వేచ్ఛ ఉన్నదో వానికి ఎక్కువ బాధ్యత అని చెప్పగలము.

లేవీయకాండపు రెండు ఆజ్ఞలు

లేవీయకాండము 19వ అధ్యాయములో 13, 14 వచనాలు ప్రక్కప్రక్కనే ఉన్నాయి. మొదటిది కూలివాని కూలి మరునాటివరకు అట్టిపెట్టుకొనకూడదని చెప్పుచున్నది. రెండవది గ్రుడ్డివాని త్రోవలో అడ్డము వేయకూడదని చెప్పుచున్నది. పొగాకు వ్యాపారపు నీతి అంతా ఈ రెంటిలో ఇమిడి ఉన్నది. పనిచేయువానికి చెల్లించవలసినది చెల్లించాలి. కొనువాని బలహీనతను అమ్ముకొనరాదు. మొదటి ఆజ్ఞను నెరవేర్చినంత మాత్రాన రెండవది తీరిపోదు. మంచి కూలి ఇచ్చినా సరుకు హాని చేస్తూనే ఉంటుంది. అలాగే రెండవదాని మీద ప్రసంగించి మొదటిదాన్ని మరచుట కూడ కపటమే.

మందిరపు సంగతికి తిరిగి వచ్చెదము. వెండి నాణెములు రక్తక్రయధనమని కానుకల పెట్టెలో వేయని ప్రధానయాజకులు, ఆ ధనముతో ఎవరిని కొన్నారో ఆయనను గూర్చి పశ్చాత్తాపపడలేదు. మత్తయి 27:6 మనలను హెచ్చరించునది అక్కడనే: సొమ్మును తోసివేసి మనిషిని మరచుట పరిశుద్ధత కాదు. కనుక మా కమిటీ ఆ వర్తకునితో, ముందు స్త్రీల కూలి బాకీ తీర్చండి, ఆ తరువాత కానుక సంగతి మాట్లాడుకొందామని చెప్పింది. ఆయన కోపగించాడు. నెల రోజులు ఆరాధనకు రాలేదు. బాకీ తీర్చాడు, స్లాబు సొమ్ము మాత్రము ఇయ్యలేదు. మందిరానికి ఇంకను రేకులే. వాన వచ్చినప్పుడు బల్లలు ఒక ప్రక్కకు జరుపుకొంటాము. మేము చేసినది సంపూర్ణమని చెప్పుట లేదు. బాకీ లేని పొగాకు సొమ్ము అయితే తీసికొనేవారమా అని ఒక యౌవనస్థుడు అడిగినప్పుడు కమిటీలో ఇద్దరు అవునన్నారు, ముగ్గురు కాదన్నారు. ఆ ప్రశ్న ఇంకను మా మధ్య ఉన్నది.

ముగింపు

కోతపండుగనాడు మన విశ్వాసులు ధాన్యము, కందులు, గుమ్మడికాయలు, కోళ్లు తెచ్చి బల్లముందు ఉంచుతారు. పొగాకు రైతు మాత్రము ఆకును తేడు. కవరులో డబ్బు తెస్తాడు. ఎవరూ బోధించకపోయినను ఆ ఆకు దేవుని యెదుట పెట్టదగినది కాదని అతని మనస్సాక్షి ఎరుగును. కాపరి చేయవలసినది ఆ మనస్సాక్షిని గద్దించుట కాదు, దానికి దారి చూపుట.

ఆచరణకు మేము మూడు సంగతులు సూచిస్తాము. సంఘపు భూములను పొగాకుకు కౌలుకు ఇయ్యకుందము. రెలుపులు, గ్రేడింగు కాలములో కూలి, పనిచోటి జాగ్రత్తలు, పిల్లల బడి అను విషయాలను ప్రసంగవేదిక నుండియే మాట్లాడుదము. పొగాకు ఒడంబడికలోని 17వ అధికరణము రైతులకు ప్రత్యామ్నాయ జీవనోపాధి చూపవలెనని చెప్పుచున్నది. దానిని మన ప్రతినిధులకు జ్ఞాపకము చేసి, శనగకు, కందికి, చిరుధాన్యాలకు నమ్మదగిన కొనుగోలు ఏర్పాటు అడుగుదము.

నేడు వెల్లంపల్లిలో పొగాకు వేలం కేంద్రము ఉన్నది. 1878లో 2222 మంది నీటిలోనికి దిగిన గుండ్లకమ్మ ఆ ఊరి ప్రక్కనే పారుతున్నది. వారిలో అనేకులు అన్నము పెట్టే పనిని విడిచి, మూసిన బావులను దాటి అక్కడికి వచ్చినవారు. వారి మునిమనుమలలో కొందరు ఈనాడు అదే ఊరికి బేళ్లు ఎత్తే కూలికి వస్తున్నారు. వారికి వేరొక కూలి చూపకుండ విడువమని చెప్పుటకు మనకు అధికారము లేదు. చూపుటకు ప్రయత్నింపక ఊరకుండుటకు కూడ అధికారము లేదు.